ఎప్పుడూ మారుతుండే దానికి ఏ విశేషణం వాడాలి? మారే నుంచి పరిణామశీల దాకా ఒక సమగ్ర మార్గదర్శి

"నిరంతరం మారుతున్న నేటి ప్రపంచంలో..." అని మొదలయ్యే వ్యాసాలకు మన దగ్గర కొదవ లేదు. అందులో వ్యాకరణ దోషం వెతికినా దొరకదు. కానీ ఆ మాట ఏమీ చెప్పదు. ప్రపంచం మెల్లగా మారుతోందా, ఉన్నట్టుండి మారుతోందా? తిరిగి మొదటికొచ్చే మార్పా, వెనక్కి రాని మార్పా? రాసినవాడికి అది నచ్చిందా, గుబులుగా ఉందా? తెలుగులో ఈ ప్రశ్నలన్నిటికీ ఒక్క విశేషణంతోనే జవాబు చెప్పొచ్చు. చేతిలో అన్ని మాటలుండగా ఒకే మాటను అరగదీస్తున్నాం, అంతే.

ఆగకుండా సాగే మార్పును చెప్పే విశేషణాన్ని ఎలా ఎంచుకోవాలో, వాక్యంలో ఎలా కూర్చాలో వరసగా చూద్దాం.

1. ముందు మార్పు నడక చూడండి

మాట వెతికే ముందు వస్తువును చూడాలి. మారేవన్నీ ఒకేలా మారవు.

చంద్రుడు శుక్లపక్షంలో పెరిగి, కృష్ణపక్షంలో తరిగి, సుమారు 29.5 రోజులకు మళ్లీ మొదటికి వస్తాడు. ఇది ఆవృత్తి. రుతువులూ అంతే. వీటిని "అస్థిరమైన" అంటే తప్పు. వాటి మార్పుకు ఒక పద్ధతి ఉంది, ఆ పద్ధతి స్థిరమైనది. "మారే రుతువులు" అంటే చాలు.

భూఫలకాలు, అంటే భూమి పైపొరలోని భారీ పలకలు, ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతుంటాయి. మార్పు ఆగదు, కానీ కంటికి ఆనదు. దీనికి "నిరంతరం" సరిపోతుంది, "క్షణక్షణం మారే" సరిపోదు. ఎండలో మబ్బు ఆకారం దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ "క్షణానికో రూపం" అన్నా అతిశయోక్తి కాదు.

ఇక మూడో రకం, ఎటు పోతుందో ముందే చెప్పలేని మార్పు. షేర్ల ధరలు, గాలివాటు, కొందరి మూడ్. పైకీ కిందికీ ఊగే దానికి "ఒడిదుడుకుల" అన్న మాట ఉండనే ఉంది. "మారుతున్న మార్కెట్" అంటే మార్కెట్ తీరే మారుతోందని అర్థం. "ఒడిదుడుకుల మార్కెట్" అంటే ధరలు నిలవడం లేదని. ఈ రెండూ వేర్వేరు వార్తలు.

2. క్రియ నుంచి పుట్టే విశేషణాలు

ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే. తెలుగు మార్పును సహజంగా క్రియతో చెబుతుంది, విశేషణం కావాలన్నా ముందు క్రియనే అడుగుతుంది. దీన్ని వ్యాకరణంలో ధాతుజ విశేషణం అంటారు. ధాతువు అంటే క్రియకు మూలరూపం. "మారు" అన్న ఒక్క ధాతువు నుంచి ఎన్ని వస్తాయో చూడండి.

మారిన: పని అయిపోయింది. "మారిన చిరునామా". ఎడతెగని మార్పుకు ఇది పనికిరాదు.

మారుతున్న: ఇప్పుడు జరుగుతోంది. రేపు ఆగిపోవచ్చు కూడా. "మారుతున్న పరిస్థితులు" అన్నప్పుడు మన చూపు ఈ సమయం మీదే ఉంటుంది.

మారే: ఇది తద్ధర్మం, అంటే కాలంతో పని లేకుండా వస్తువు స్వభావాన్ని చెప్పే రూపం. పాత తెలుగులో మారు, మారెడు, మారెడి అని కనిపించేవే ఇప్పుడు "మారే" అయ్యాయి. "రంగు మారే రాయి" అంటే ఈ నిమిషంలో అది రంగు మారకపోయినా సరే, మారడం దాని గుణం. ఎప్పటికీ మారుతుండే దానికి అన్నిటికంటే నికార్సైన రూపం ఇదేనని నా అభిప్రాయం. చిన్నది కావడంతో రాసేవాళ్లకు బరువు చాలదనిపించి పక్కన పెట్టేస్తారు.

మారుతుండే, మారుతూ ఉండే: స్వభావంతో పాటు పదేపదే జరగడం కూడా వినిపిస్తుంది. "తరచూ మారుతుండే పాస్‌వర్డ్". దానికి "-నే" చేరి "మారుతూనే ఉండే" అయితే కాస్త విసుగో, కాస్త అబ్బురమో తోడవుతుంది.

మారుతూ వస్తున్న: నిన్నటి నుంచి ఇవాళ్టి దాకా. మంచి ఉదాహరణ భూమి ఉత్తర అయస్కాంత ధ్రువం. 1831లో బ్రిటిష్ నావికుడు జేమ్స్ క్లార్క్ రాస్ దాన్ని కెనడా ఆర్కిటిక్ ప్రాంతంలో గుర్తించాడు. ఆ తర్వాత అది సైబీరియా వైపు జరుగుతూ వచ్చింది. దిక్సూచి లెక్కలకు వాడే ప్రపంచ అయస్కాంత నమూనాను అందుకే 5 ఏళ్లకోసారి సవరిస్తారు. "చోటు మారుతూ వస్తున్న ధ్రువం" అంటే ఈ చరిత్ర అంతా మాటలో ఇమిడిపోతుంది. "మారే ధ్రువం" అంటే గుణం తెలుస్తుంది గానీ ప్రయాణం తెలియదు.

మారిపోతున్న: "పోవు" చేరగానే చేజారిన భావం వస్తుంది. "మారుతున్న ఊరు" అని విలేకరి రాస్తాడు, "మారిపోతున్న ఊరు" అని ఆ ఊళ్లో పెరిగినవాడు అంటాడు. బాధ చెప్పదలచుకోకపోతే ఈ రూపం జోలికి వెళ్లొద్దు.

మార్చుకునే: మారేదే తన మార్పును తానే చేసుకుంటుంది. "రంగు మార్చుకునే ఊసరవెల్లి". ఇందులో కర్తకు ఇచ్ఛ ఉన్నట్టు ధ్వనిస్తుంది కాబట్టి ప్రాణంలేని వాటికి వాడేటప్పుడు ఒక్క క్షణం ఆలోచించాలి. "దారి మార్చుకునే నది" బాగుంటుంది, ఎందుకంటే నదిని మనం మనిషిలాగే చూస్తాం. "విలువ మార్చుకునే రూపాయి" అంటే చెవికి ఎబ్బెట్టు.

ఒక పిట్టకథ. మారుపేరు, మారువేషం, మారుతల్లి అన్న మాటల్లో ఉన్న "మారు" మారేది కాదు, "ఇంకొకటి, బదులుగా ఉన్నది" అని. మారువేషం అంటే మారుతుండే వేషం అనుకుంటే కథ అడ్డం తిరుగుతుంది. "మారుతం" అయితే అసలు ఈ కుటుంబమే కాదు, అది సంస్కృతంలో గాలి.

3. మార్పు పక్కన ఏ క్రియ వేస్తున్నారో గమనించండి

"మార్పు" అన్న నామవాచకం పట్టుకుని విశేషణం చేసేవాళ్లు ఎక్కువ. అప్పుడు దానికి తోడుగా వచ్చే క్రియ అసలు అర్థాన్ని నడిపిస్తుంది.

"మార్పు చెందే" తటస్థం. సైన్సు పుస్తకాలకు చక్కగా సరిపోతుంది. "మార్పులకు లోనయ్యే" అంటే బయటి శక్తి ఏదో పనిచేస్తోందని. "మార్పులకు గురయ్యే" దగ్గరే చిక్కు. దాడికి గురవుతాం, మోసానికి గురవుతాం, ప్రమాదానికి గురవుతాం. "నిరంతర మార్పులకు గురవుతున్న విద్యావిధానం" అన్నామంటే దాన్ని ఎవరో కొట్టి పడేస్తున్నట్టుంటుంది. నిజంగా అదే మీ ఉద్దేశమైతే సరే.

"మార్చబడుతున్న" వద్దు. "తరచూ మార్చబడే నిబంధనలు" బదులు "తరచూ మార్చే నిబంధనలు" అనండి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. "మారే నిబంధనలు" అంటే అవంతట అవే మారుతున్నట్టు, "మార్చే నిబంధనలు" అంటే వెనక ఎవరో ఉన్నట్టు. ఆ ఎవరో తెలిసినప్పుడు మొదటి రూపం వాడితే బాధ్యుణ్ణి దాచినట్టే. కార్యాలయాల ప్రకటనల్లో "మారాయి" అని ఉన్నచోటల్లా "మార్చాం" అని చదువుకుంటే విషయం స్పష్టమవుతుంది.

4. సంస్కృతం నుంచి వచ్చిన వాటిని విడివిడిగా తూచండి

నిఘంటువులో పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఇవి ఒకదానికొకటి బదులు కావు.

చంచల: చలించడం నుంచి వచ్చింది. ధాతువు రెట్టించడంతో కదలిక తీవ్రమైంది. భగవద్గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు "చంచలం హి మనః కృష్ణ" అని మొరపెట్టుకుంటాడు. మరుసటి శ్లోకంలో కృష్ణుడు ఒప్పుకుంటూనే మనస్సును "చలం" అంటాడు. అడిగినవాడు రెట్టించిన మాట వాడితే, చెప్పినవాడు ఒక మెట్టు తగ్గించి వాడాడు. చంచల అన్న మాట సహజంగా మనసు, చూపు, సంపద పక్కన ఒదుగుతుంది. లక్ష్మికీ, మెరుపుకీ అది పేరే. "చంచలమైన సాంకేతికత" అంటే మాత్రం పొసగదు.

చపల: సంస్కృత నిఘంటువు అమరకోశంలో చంచల, చపల రెండూ మెరుపు పేర్లే. వాడుక తెలుగులో దీనికి మచ్చ పడింది. జిహ్వచాపల్యం, చపలచిత్తం అంటే అదుపు లేదని. మెచ్చుకోలుకు పనికిరాదు.

అస్థిర: నిలబడలేనిది, ఏ క్షణమైనా కూలగలది. అస్థిర ప్రభుత్వం, అస్థిర పరమాణు కేంద్రకం. ఇక్కడ మార్పు కంటే పడిపోతుందన్న భయం ముఖ్యం. మారుతూ కూడా గట్టిగా నిలిచేవి ఉంటాయి, భాష అలాంటిదే. "అస్థిరమైన భాష" అంటే దాన్ని తిట్టినట్టు.

పరిణామశీల: "శీల" అంటే స్వభావం కలది. మెల్లగా, దశలవారీగా, ఒక దిశలో సాగే మార్పుకు ఇది తగినది. భాషలు, జీవజాతులు, చట్టాలు పరిణామశీలాలు. వార్తాభాషలో "పరిణామాలు" అంటే సంఘటనలనీ పర్యవసానాలనీ అర్థం స్థిరపడింది కాబట్టి, "తీవ్ర పరిణామాలు" ఉన్న పేరాలోనే "పరిణామశీల" వేస్తే పాఠకుడు తికమకపడతాడు.

పరివర్తనశీల: నిఘంటువు ప్రకారం పై దానికి చుట్టమే. అయితే తెలుగులో "పరివర్తన" అనగానే తప్పు చేసినవాడు మారడం గుర్తొస్తుంది. ఖైదీలో పరివర్తన, కొడుకులో పరివర్తన. ఆ ఛాయ అక్కర్లేని చోట దీన్ని తప్పించడం మేలు.

గతిశీల: కదలిక, చొరవ ఉన్నది. డైనమిక్ అన్న మాటను మనం వాడే అర్థానికి ఇది దగ్గర. "డైనమిక్ లీడర్" అంటే చురుకైన నాయకుడని, మారుతుండే నాయకుడని ఎవరూ అనుకోరు. గతిశీలకూ అదే వర్తిస్తుంది.

చర: బీజగణితంలో చరరాశి అంటే విలువ మారేది. ఆస్తుల లెక్కలో చరాస్తి అంటే చోటు మారేది. ఒకే మాట, రెండు రకాల మార్పులు. ఈ రెండు రంగాలు దాటితే "చర" ఒంటరిగా నిలవదు.

అనిత్య, క్షణభంగుర: ఇవి మార్పును కాదు, నాశనాన్ని చెబుతాయి. క్షణంలో భంగమయ్యేది క్షణభంగురం. "క్షణభంగురమైన ఫ్యాషన్లు" అంటే ఫ్యాషన్లు పుట్టి పోతాయని అర్థం, రూపం మార్చుకుంటూ బతుకుతాయని కాదు. ఈ రెండింటినీ కలిపేయడం చాలాచోట్ల కనిపిస్తుంది.

నిత్యనూతన: మారుతూనే పాతబడనిది. పూర్తిగా ప్రశంస. పొగడాలనుకున్నప్పుడే బయటికి తీయాలి.

5. పూటకో, రోజుకో, ఏడాదికో

ఇది తెలుగుకు దక్కిన వరం. పూటకు + ఒక కలిసి "పూటకొక", వాడుకలో "పూటకో". దాని పక్కన నామవాచకం పెడితే మార్పూ, దాని వేగమూ ఒకే దెబ్బకు తెలిసిపోతాయి. గడియకో బుద్ధి, పూటకో మాట, రోజుకో వేషం, నెలకో నియమం, తరానికో అర్థం.

కాలం కొలత చిన్నదయ్యేకొద్దీ వ్యంగ్యం పెరుగుతుంది. "గడియకో", "పూటకో" దాదాపు ఎప్పుడూ దెప్పిపొడుపులే. "ఏడాదికో" దగ్గరికి వచ్చేసరికి గొంతు మామూలవుతుంది. "తరానికో" అంటే గంభీరం. మీ కోపం ఎంతో చూసుకుని కొలత ఎంచుకోండి.

రెండు జాగ్రత్తలు. మెట్లుమెట్లుగా జరిగే మార్పుకే ఇది పనికొస్తుంది, జారుడుగా సాగే దానికి కాదు. "రోజుకో ఎత్తు పెరిగే మొక్క" అనలేం. అక్కడ "రోజురోజుకూ ఎదిగే" అనాలి. పోతే, "ఊరికో యాస", "మనిషికో మాట" లాంటివి చూడ్డానికి ఇలాగే ఉన్నా అవి కాలంతో వచ్చే తేడాలు కావు.

"రోజురోజుకూ" అనగానే చెవి ఒక దిశ కోసం ఎదురుచూస్తుంది. పెరుగుతున్న, తగ్గుతున్న, ముదురుతున్న. ఒట్టి "రోజురోజుకూ మారుతున్న" అంటే ఆ ఎదురుచూపు తీరదు.

6. అతుకులు సరిచూసుకోండి

"నిరంతర"కూ "నిరంతరం"కూ తేడా సున్నాయే అయినా పని వేరు. నామవాచకం ముందు "నిరంతర మార్పు", క్రియ ముందు "నిరంతరం మారే". అనునిత్యం, అనుక్షణం, సతతం కూడా క్రియ ముందు సున్నాతోనే వస్తాయి. "సతత హరితారణ్యాలు" అన్నప్పుడు సున్నా పోయింది చూడండి.

సంస్కృత విశేషణం పక్కన సంస్కృత నామవాచకం ఉంటే నేరుగా అతుక్కుంటుంది: చంచలచిత్తం, పరిణామశీల సమాజం. పక్కన తెలుగు మాట ఉంటే "-మైన" కావాలి: చంచలమైన చూపు. "చంచల చూపు" అంటే పంటికింద రాయిలా తగులుతుంది. వాక్యం చివర విశేషణంతో ముగించాలంటే "మనసు చంచలం" చాలు, "చంచలమైనది" అనక్కర్లేదు.

7. మనుషుల గురించి రాస్తున్నప్పుడు

వస్తువు మారితే విశేషం, మనిషి మారితే తీర్పు. అందుకే మనిషికి వేసే విశేషణం తటస్థంగా ఉండటం అరుదు.

తిట్టడానికి తెలుగులో "లేని"తో వచ్చే మాటలే చాలు: నిలకడలేని, కుదురులేని, స్థిమితంలేని. మూడింటికీ తేడా ఉంది. నిలకడ మాటకూ నిర్ణయానికీ సంబంధించింది. కుదురు ఒంటికి, ముఖ్యంగా పిల్లలకు. స్థిమితం మనసుకు. ఒకచోట కూర్చోని పిల్లాణ్ణి "స్థిమితంలేని పిల్లాడు" అంటే వాడికేదో జబ్బు అనుకుంటారు.

మెచ్చుకోవాలంటే దిశ చెప్పాలి: ఎదుగుతున్న, రాటుదేలుతున్న, కాలంతో పాటు నడిచే. ఒట్టి "మారే మనిషి" అంటే అటూ ఇటూ కాకుండా పోతుంది. "ఎప్పటికప్పుడు తనను తాను దిద్దుకునే మనిషి" అంటే ఇక సందేహం ఉండదు. పెద్దవాళ్ల గురించి రాసేటప్పుడు "చంచల స్వభావులు" అని గౌరవ బహువచనం వేసినా తిట్టు తిట్టే, అందులో మర్యాద మిగలదు.

8. ఒక వాక్యం దిద్ది చూద్దాం

ఇలాంటి వాక్యం ఎదురైందనుకోండి: "నిరంతరం మార్పులకు గురవుతున్న ఫ్లూ వైరస్ నేపథ్యంలో, మారుతున్న పరిస్థితులకు అనుగుణంగా టీకా కూడా నిరంతరం మార్చబడుతోంది."

"మారు" మూడు చోట్ల ఉంది, "నిరంతరం" రెండు చోట్ల. అయినా వైరస్ ఎలా మారుతుందో, టీకాను ఎవరు ఎన్నాళ్లకు మారుస్తారో లేదు. అసలు విషయం తెలుసుకుని రాస్తే ఇలా అవుతుంది:

"ఫ్లూ వైరస్ పైనుండే ప్రొటీన్లు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. నిరుటి టీకాతో తయారైన యాంటీబాడీలు ఈ ఏటి వైరస్‌ను సరిగా పోల్చుకోలేకపోవచ్చు. అందుకే టీకాలో ఏయే రకాలు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు సూచిస్తుంది. ఒకటి ఉత్తరార్ధగోళానికి, ఒకటి దక్షిణార్ధగోళానికి."

విశేషణం మాయమైంది, పని క్రియ చేసింది. "మార్చుకుంటుంది" అని రాయాలన్న ఆశ పుడుతుంది, వైరస్ తెలివిగా తప్పించుకుంటున్నట్టు బొమ్మ కడుతుంది కాబట్టి. కానీ ఉత్పరివర్తనాలు, అంటే జన్యువుల్లో మార్పులు, యాదృచ్ఛికంగా వస్తాయి, వైరస్‌కు ఇచ్ఛ లేదు. సైన్సు వ్యాసంలో "మారుతుంటాయి" అన్నదే నిజం. పిల్లలకు కథలా చెబుతుంటే "మార్చుకుంటుంది" అన్నా తప్పు పట్టను.

శీర్షిక దగ్గర మాత్రం విశేషణం తప్పదు. చోటు తక్కువ, క్రియ పరుచుకోవడానికి వీలుండదు. అక్కడ "నిరంతరం మారుతున్న వైరస్" అంటే ఎప్పటి సంగతో తెలియదు. "మారే వైరస్‌కు ఏటా కొత్త కూర్పు టీకా" అంటే వైరస్ గుణం, టీకా అవసరం రెండూ తెలుస్తాయి. "పూటకో వేషం వేసే వైరస్" అంటే జనం నవ్వుకుంటూ చదువుతారు, కానీ డాక్టరు పేరుతో అచ్చయ్యే వ్యాసానికి ఆ శీర్షిక పెట్టే ముందు ఆయన్ను ఒకమాట అడగడం మంచిది.